తేయాకు తోటల కూలీలు - వి.వి. గిరి గారు

గద్వాల బస్టాండులోనో, వనపర్తి కచేరీ ఎదుటనో నిలబడి చాయ్ తాగని పింఛనుదారు మనలో ఉండడు. కానీ మన నడిగడ్డలో గాని, నాగర్‌కర్నూల్ వైపు నల్లమల కొండల్లో గాని తేయాకు సాగు లేదు. అయినా ఆ తోటల కూలీల చరిత్ర పాలమూరు వారికి కొత్తగా అనిపించదు. మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టడం, అప్పు కింద ఆలుమగలిద్దరూ పనికి కట్టుబడడం, ఊరు ఊరే గుంపుగా ఆనకట్టల పనికి తరలిపోవడం మనం కళ్లారా చూసినవే. సింహళంలో ఆ మేస్త్రీని కంగాణీ అన్నారు. ఆ కూలీల తరఫున అక్కడ మాట్లాడవలసిన బాధ్యత స్వతంత్ర భారతదేశం ఒక తెలుగువాడికి అప్పగించింది. ఆయనే శ్రీ వరాహగిరి వెంకటగిరి గారు.

గిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. ఆనాడు ఆ పట్టణం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న ప్లీడరు. కొడుకును 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండులోని డబ్లిన్‌కు పంపారు. అక్కడి స్వాతంత్ర్య పోరాటం, కార్మికోద్యమం ఆ యువకుడి మనసును పట్టుకున్నాయి. 1916లో తిరిగివచ్చి ప్లీడరీ మొదలుపెట్టినా అందులో నిలవలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘంగా కూడగట్టి, ఉద్యోగుల తొలగింపునకు వ్యతిరేకంగా సమ్మె నడిపారు. 1937 ఎన్నికలలో బొబ్బిలిలో సాక్షాత్తూ బొబ్బిలి రాజా వారినే ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. 1942 ఉద్యమంలో జైలుకు వెళ్లారు. 1946లో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో మళ్లీ మంత్రి. 1947లో భారత ప్రతినిధిగా కొలంబో వెళ్లారు.

ఇక్కడ తోటల సంగతి కొంత చెప్పాలి. సింహళపు కొండలమీద మొదట ఉన్నది కాఫీ. 1869 నుంచి ఆకుతెగులు సోకి ఆ తోటలు నాశనమయ్యాయి. అంతకు ముందే, 1867లో, జేమ్స్ టేలర్ అనే స్కాట్లండు దొర లూల్‌కందెర తోటలో 19 ఎకరాలలో తేయాకు వేసి ఉన్నాడు. కాఫీ పోయినచోట అదే విస్తరించింది. కాఫీకి కోతల కాలంలో కూలీలు చాలు, పని ముగిశాక దక్షిణదేశంలోని స్వగ్రామాలకు తిరిగిపోయేవారు. తేయాకు అలా కాదు. వారం పదిరోజులకు ఒకమారు రెండాకులు, ఒక మొగ్గ గిల్లుతూనే ఉండాలి, ఏడాది పొడుగునా. గిల్లిన ఆకును అదేరోజు ఫ్యాక్టరీకి చేర్చి వాడబెట్టాలి. తరువాత నలిపి, పులియబెట్టి, ఆరబెడితే మనమెరిగిన నల్లటి పొడి అవుతుంది. కాబట్టి కూలీ కుటుంబంతో సహా అక్కడే ఉండిపోవలసి వచ్చింది. ఆకు గిల్లేది ఎక్కువగా ఆడవాళ్లే. నివాసం వరుసగా కట్టిన లైను గదులలో. కూలీ తోట మారాలంటే అతని బాకీ రాసిన తుండు అనే చీటీ ఉండాలి, కొత్త దొర ఆ బాకీ తీర్చాలి. ఆ చీటీ పద్ధతిని 1921లో రద్దు చేశారు. 1939లో భారత ప్రభుత్వం కూలీల వలసనే ఆపివేసింది. అప్పటికే లక్షలమంది అక్కడ పుట్టి పెరిగినవారు.

1947 ఎన్నికలలో ఈ తోటలవారు తమ ప్రతినిధులను ఏడుగురిని సింహళ పార్లమెంటుకు పంపారు. మరుసటి ఏడే పౌరసత్వ చట్టం వచ్చింది. తండ్రి అక్కడే పుట్టినట్టు రుజువు చూపాలన్నది దానిలోని షరతు. 1949లో వచ్చిన మరో చట్టం ఏడు లేక పదేళ్ల నివాసానికి రుజువు అడిగింది. అదే ఏడు ఓటు కూడా పోయింది. ఎనిమిది లక్షలమంది వరకు దరఖాస్తు పెడితే మంజూరైనవి లక్షా ముప్పైనాలుగు వేలు. దఫ్తరులో పనిచేసిన మనకు ఈ లెక్క బాగా అర్థమవుతుంది. లైను గదిలో పుట్టిన బిడ్డకు కాగితం ఎక్కడిది? వయసు రుజువు లేదని ముసలివాళ్ల అర్జీలు వెనక్కి పంపినవాణ్ణి నేనూ. రూలు ప్రకారమే పంపాను. ఈ చరిత్ర చదివినప్పుడల్లా ఆ ముఖాలు గుర్తుకొస్తాయి.

ఈ చట్టాలు వచ్చిన కాలమంతా కొలంబోలో మన హైకమిషనరు గిరి గారే. అవి ఆగలేదు. 1951లో ఆయన తిరిగి వచ్చారు. దీన్ని ఆయన జీవితంలో ఓటమిగా చెప్పక తప్పదు, దాచడం వల్ల గౌరవం పెరగదు.

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూ గారి మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. 1951 నాటి తోట కార్మికుల చట్టం 1954 ఏప్రిల్‌లో అమలుకు వచ్చినప్పుడు ఆ శాఖ ఆయన చేతిలోనే ఉంది. మంచినీళ్లు, వైద్యం, ఇల్లు, పనిచేసే తల్లుల పిల్లలకు శిశుశాల, ఇరవై పనిదినాలకు ఒకరోజు జీతంతో సెలవు, ఇవన్నీ యజమాని బాధ్యతలుగా ఆ చట్టంలో ఉండేవి. అస్సాం నుంచి నీలగిరుల వరకు తేయాకు తోటలకు, కాఫీ, రబ్బరు తోటలకు కూడా వర్తించింది.

అదే 1954లో బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం సవరించగా, ఆయన మంత్రి పదవికి రాజీనామా ఇచ్చారు. ఉద్యోగుల పక్షాన పదవి వదిలిన మంత్రులు ఎందరున్నారో సభ్యులే లెక్కించుకోవచ్చు. 1957లో పార్వతీపురంలో ఓడిపోయారు, సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఫలితం మారలేదు. తరువాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాల గవర్నరుగా, 1967 నుంచి ఉపరాష్ట్రపతిగా ఉన్నారు. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డి గారిపై గెలిచి రాష్ట్రపతి అయిన కథ అందరికీ తెలిసినదే. 1975లో భారతరత్న లభించింది. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు.

కొలంబోలో తెగని సమస్యపై 1964లో శాస్త్రి గారు, సిరిమావో బండారనాయకే ఒప్పందం చేసుకున్నారు. దాని ప్రకారం 5,25,000 మందిని మనదేశం తీసుకోవాలి, 3,00,000 మందికి సింహళం పౌరసత్వం ఇవ్వాలి. మిగిలిన లక్షన్నర మందిని చెరిసగం పంచుకోవడం 1974లో, గిరి గారు రాష్ట్రపతి భవనంలో ఉండగానే జరిగింది. ఏ దేశానికీ చెందకుండా మిగిలినవారికి శ్రీలంక 2003లో చట్టం చేసి పౌరసత్వం ఇచ్చింది. తిరిగివచ్చిన వారిలో కొందరికోసం తమిళనాడు ప్రభుత్వం నీలగిరులలో కొత్తగా తేయాకు తోటలు వేయించింది. తాతలు సముద్రం దాటివెళ్లి నేర్చిన పనినే వాళ్లు కూనూరు, గూడలూరు కొండలమీద మళ్లీ మొదలుపెట్టారు.