మారీ-ఆలెన్ కుటూరియే

మారీ-ఆలెన్ కుటూరియే (నవంబరు 15, 1897 - ఫిబ్రవరి 9, 1954) ఫ్రాన్సు దేశానికి చెందిన కాథలిక్ సన్యాసి, చిత్రకారుడు. 20వ శతాబ్ది మధ్యకాలంలో కాథలిక్ చర్చి భవనాలకు ఆధునిక రూపం రావడానికి ముఖ్య కారకులలో ఇతడొకడు. మోంబ్రిసోన్‌లో జన్మించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి, పిదప పారిస్‌లో చిత్రకళ అభ్యసించి, 1925లో డొమినికన్ సన్యాసుల సభలో చేరాడు. పవిత్ర కళకు సంబంధించిన "లార్ సాక్రే" పత్రిక సంపాదకులలో ఒకడు.

ప్రతిభ లేని భక్తునికంటె భక్తి లేని ప్రతిభావంతుడే చర్చి పనికి మేలని ఇతని అభిప్రాయం. అందుకే ఆల్ప్స్ పర్వతాలలోని అస్సీ చర్చికై కమ్యూనిస్టు అయిన లెజేను, యూదుడైన షగాల్‌ను కళాకృతులు కోరాడు. 1950లో చర్చి ప్రతిష్ఠ జరిగింది. మరుసటి సంవత్సరమే, శిల్పి జెర్మేన్ రిషియే మలచిన కంచు క్రీస్తు విగ్రహం దైవదూషణగా ఉన్నదని కొందరు ఆందోళన చేయగా, బిషప్ ఆజ్ఞపై దానిని తొలగించారు. అది తిరిగి చర్చిలో స్వస్థానానికి చేరేనాటికి కుటూరియే మరణించి చాలా కాలమైంది.

మన చండీగఢ్ నగరానికి ప్రణాళిక రచించిన లె కార్బూజియే కూడా కాథలిక్ విశ్వాసి కాడు. మొదట నిరాకరించిన ఆ వాస్తుశిల్పి రోంషాఁ చర్చి నిర్మాణానికి అంగీకరించడంలో కుటూరియే ప్రోత్సాహం ఉన్నది. లియోన్ సమీపంలోని లా తూరెత్ మఠం పనిని కూడా 1953లో అతనికే ఇప్పించాడు. అయితే నమూనా గీయడానికి ముందు, 12వ శతాబ్ది నాటి లె తొరొనే మఠాన్ని చూసి రమ్మన్నాడు. నూతనత్వం కోరినవాడే ఆ పాత రాతికట్టడాన్ని చూపడం గమనార్హం. రోంషాఁ చర్చి 1955లో, లా తూరెత్ 1960లో పూర్తయ్యాయి. అప్పటికి కుటూరియే జీవించి లేడు.