కూచిపూడి అగ్రహార దాత తానీషా

గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీ ప్రభువులలో కడపటివాడు అబుల్ హసన్. తెలుగువారికి అతడు తానీషాగా సుపరిచితుడు. భద్రాచల రామదాసును చెరసాలలో పెట్టించిన ప్రభువుగానే అతనిని ఎక్కువమంది ఎరుగుదురు. కృష్ణా జిల్లాలోని కూచిపూడి గ్రామం మాత్రం అతనిని దాతగా స్మరిస్తుంది.

అబుల్ హసన్ యౌవనం రాజభోగాల నడుమ గడవలేదు. రాజవంశానికి బంధువైనా, షా రాజు కత్తాల్ అనే సూఫీ గురువును ఆశ్రయించి నిరాడంబరంగా జీవించాడు. అబ్దుల్లా కుతుబ్‌షాకు పుత్రసంతానం లేకపోవడంతో, ఆయన అల్లుడైన అబుల్ హసన్ 1672లో సింహాసనాన్ని అధిష్ఠించాడు. మాదన్నను ప్రధానిగా నియమించాడు. మాదన్న సోదరుడు అక్కన్న కూడా ఉన్నత పదవిని పొందాడు. పరమతస్థులకు ఇంతటి అధికారం అప్పగించడం ఆ కాలంలో సామాన్య విషయం కాదు.

ఆ రోజులలో కూచిపూడి భాగవతులు మేళాలు కట్టి ఊరూరా తిరిగేవారు. వారు వేదశాస్త్రాలు చదివిన బ్రాహ్మణులు. అయినా కాలికి గజ్జె కట్టి, స్త్రీ వేషాలు ధరించి ఆడేవారు. ఊరివారు ఆదరిస్తే ఆట, లేకుంటే మరో ఊరికి ప్రయాణం. సిద్ధేంద్రయోగి రచించినట్లు ప్రసిద్ధి చెందిన భామాకలాపం వారికి ప్రాణప్రదం. ఆ కుటుంబాలలో పుట్టిన ప్రతి మగబిడ్డా జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది వారి నియమం.

1678లో తానీషా రాజ్యంలోని ప్రధాన రేవు మచిలీపట్నానికి విచ్చేశాడు. ఆ పర్యటనలోనే భాగవతుల ప్రదర్శనను తిలకించాడని సంప్రదాయం చెబుతుంది. ఆడినది కృష్ణకథ, చూసినవాడు మహమ్మదీయ ప్రభువు. ఆ భేదం అతని ఆనందానికి అడ్డు రాలేదు. బంగారమో పట్టుబట్టలో ఇచ్చి పంపివేయక, కూచిపూడి గ్రామాన్నే వారికి అగ్రహారంగా సమర్పించాడట. కానుకలు నాలుగు నాళ్లకు కరిగిపోతాయి. సొంత నేల దక్కడంతో, ఊరూరా అతిథులుగా తిరిగే కళాకారులు ఒక ఊరివారైనారు. వేదాంతం, వెంపటి, పసుమర్తి మొదలైన ఇంటిపేర్లవారు తరతరాలుగా అక్కడ నాట్యాన్ని నిలుపుకొన్నారు. క్రమంగా ఊరి పేరే నాట్యానికి పేరైంది.

ప్రభువుకు మాత్రం సుఖాంతం లేదు. 1686లో అక్కన్న మాదన్నలు గోల్కొండ వీధులలో హత్యకు గురైనారు. మరుసటి ఏడు ఔరంగజేబు సేనలు గోల్కొండను ముట్టడించాయి. సుమారు ఎనిమిది నెలలు ఎదురునిలిచిన కోట, లోపలివారి ద్రోహం వల్ల 1687 సెప్టెంబరులో శత్రువశమైంది. బంధించడానికి వచ్చిన వారి ఎదుట తానీషా తొణకక భోజనం ముగించి లేచాడని ప్రతీతి. శేషజీవితాన్ని దౌలతాబాదు కోటలో బందీగా గడిపి, అక్కడే కన్నుమూశాడు. గోల్కొండలోని పూర్వికుల సమాధుల చెంత అతనికి చోటు దక్కలేదు. ఖుల్దాబాదులో ఖననం చేశారు. అప్పటికి కూచిపూడిలో భాగవతుల పిల్లలు అతడిచ్చిన నేల మీద సత్యభామ అడుగులు నేర్చుకొంటున్నారు.