స్పీకర్‌కు తిరగడం నేర్పిన డాన్ లెస్లీ



మన పొందూరు స్టేషన్‌లో ఆగకుండా వెళ్లే ఎక్స్‌ప్రెస్ హారన్ కొడుతూ దూసుకుపోవడం మీ పిల్లలు వినే ఉంటారు. రైలు మన వైపు వస్తున్నంతసేపూ హారన్ కాస్త హెచ్చు శ్రుతిలో వినిపిస్తుంది. మనల్ని దాటగానే ఆ శ్రుతి దిగిపోతుంది. సైన్స్ పాఠంలో దీన్నే డాప్లర్ ఎఫెక్ట్ అంటాం. ఇదే సూత్రాన్ని ఒక చెక్కపెట్టెలో పనిచేయించిన మనిషి జీవితం ఈ నెల చెప్పుకుందాం.

డొనాల్డ్ జేమ్స్ లెస్లీ 1911 ఏప్రిల్ 13న అమెరికాలోని డాన్‌విల్‌లో పుట్టారు. పెరిగింది కాలిఫోర్నియాలో. లాస్ ఏంజెలిస్‌లో హామండ్ ఆర్గన్లు అమ్మి, బాగుచేసే ఒక పెద్ద దుకాణంలో పనిచేశారు. అప్పటిదాకా పెద్ద చర్చిల్లో, సినిమా హాళ్లలో ఆర్గన్ అంటే వరుసగా నిలబెట్టిన పొడవాటి గొట్టాలే. లారెన్స్ హామండ్ 1935లో అమ్మకానికి తెచ్చిన కరెంటు ఆర్గన్‌కు ఆ గొట్టాలతో పనిలేదు. షోరూమ్‌లో దాని నాదం విని ముచ్చటపడి, 1937లో లెస్లీ ఒకటి కొనుక్కున్నారు.

ఇంటికి తెచ్చి వాయిస్తే ఆ నిండుదనం లేదు. పెద్ద హాల్లో గోడలకు తగిలి మారుమోగిన శబ్దం చిన్న గదిలో చప్పగా వినిపించింది. ఆయన దాన్ని వెనక్కి ఇచ్చేయలేదు, మూలన పెట్టలేదు. లోపం ఎక్కడుందో ఆలోచించారు. గొట్టాల ఆర్గన్‌లో ఒక్కో స్వరం ఒక్కో చోటు నుంచి వస్తుంది. ఇక్కడ స్వరాలన్నీ ఒకే స్పీకర్ నుంచి వస్తున్నాయి. అయితే శబ్దాన్నే కదిలిస్తే ఎలా ఉంటుంది? అక్కడి నుంచి ప్రయోగాలు మొదలయ్యాయి.

చివరికి తేలిన పద్ధతి ఇది. పెట్టెలో స్పీకర్లు కదలవు. పైన సన్నని స్వరాల కోసం ఒక హారన్, కింద మంద్ర స్వరాల కోసం ఒక డ్రమ్ము మోటార్లతో తిరుగుతాయి. హారన్‌కు రెండు నోళ్లు కనిపిస్తాయి కానీ శబ్దం ఒకదాని నుంచే వస్తుంది. రెండోది బరువు సరితూగడానికి మాత్రమే. వేగంగా తిరిగేటప్పుడు హారన్ నిమిషానికి సుమారు 400 చుట్లు తిరుగుతుంది. శబ్దం మన దగ్గరకు వస్తూ, దూరమవుతూ, గోడలకు తగులుతూ అలలు అలలుగా వినిపిస్తుంది.

ఎంతో ఆశతో లెస్లీ దీన్ని హామండ్ కంపెనీకి చూపించారు. వాళ్లు వద్దన్నారు. దాంతో 1941 నుంచి తానే తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పనిచేసి, తర్వాత మళ్లీ తన స్పీకర్ల పనికే వచ్చారు. చర్చి వాద్యకారులు, జాజ్ వాద్యకారులు, గిటారిస్టులు ఆ పెట్టెల కోసం వెతుక్కుంటూ వచ్చారు. 1966లో బీటిల్స్ బృందం ఒక పాటలో జాన్ లెనన్ గొంతును కూడా ఈ స్పీకర్ గుండా పంపి రికార్డు చేసింది.

1965లో ఆయన తన కంపెనీని సీబీఎస్ సంస్థకు అమ్మారు. 1980లో దాన్ని కొన్నది ఎవరో తెలుసా? ఒకప్పుడు వద్దన్న హామండ్ కంపెనీయే. లెస్లీ 2004 సెప్టెంబరు 2న, 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన పెట్టెలను నేటికీ బాగుచేసి వాడుకుంటున్నారు. అరిగిన బెల్టు మారుస్తారు, మోటారు బేరింగులకు నూనె వేస్తారు, కింది డ్రమ్ముకు చుట్టిన పల్చటి బట్ట చిరిగితే కొత్తది చుడతారు. మీ ఇంట్లో కీబోర్డు ఉంటే అందులో ఆర్గన్ శబ్దం పెట్టి, రోటరీ అనే బటన్ ఉందేమో చూడండి. అది నొక్కితే వినిపించేది లెస్లీ పెట్టెకు అనుకరణే.

ఒక మాట ఒప్పుకోవాలి. మొన్న నా క్లాసులో ఒక అబ్బాయి పాడైన బొమ్మ కారు మోటారు విప్పుతుంటే కోప్పడి తీసేసుకున్నాను. ఈ వ్యాసం కోసం లెస్లీ గురించి చదివాక మర్నాడే దాన్ని తిరిగి ఇచ్చేశాను. అది ఎందుకు ఆగిపోయిందో కనిపెట్టి నాకు చెప్పమన్నాను. మీ ఇంట్లోనూ ఏదైనా పాత వస్తువు మూలన పడి ఉంటే, కరెంటు ప్లగ్ తీసేసి, మీరు పక్కన కూర్చుని, ఒకసారి పిల్లల చేత విప్పించి చూడండి.