గాజుపాత్రలో మేఘమును కల్పించిన విల్సన్

పర్వతముపై పొగను గాంచి యచట నగ్ని కలదని నిశ్చయించుట తర్కశాస్త్రము నేర్పు తొలి పాఠము. కంటికి గోచరింపని వస్తువును దాని జాడచే నెఱుంగు ఈ న్యాయమును అణుప్రపంచమునకు వర్తింపజేసిన మహనీయుడు చార్లెస్ థామ్సన్ రీస్ విల్సన్.

వీరు 1869 ఫిబ్రవరి 14వ తేదీన స్కాట్లండు దేశమున, ఎడింబరో నగరమునకు చేరువనున్న గ్లెన్‌కోర్సులో ఒక కర్షకుని యింట జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. తల్లి బిడ్డలను వెంటనిడుకొని మాంచెస్టరు చేరెను. సవతి యన్నగారి ధనసాహాయ్యముచే విద్య సాగెను. వైద్యుడు కాదలచి జీవశాస్త్రము నారంభించినను, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము చేరిన పిమ్మట వీరి మనస్సు భౌతికశాస్త్రమున లగ్నమయ్యెను.

1894 సెప్టెంబరులో వీరు బ్రిటను దేశమున కెల్ల నున్నతమైన బెన్ నెవిస్ శిఖరముపై, వాతావరణ పరిశోధనశాలలో రెండు వారములు గడపిరి. పైన సూర్యుడు, క్రింద మేఘములు, మేఘములపై బడిన నీడల చుట్టును రంగుల వలయములు! ఆ దృశ్యమును ప్రయోగశాలలో కల్పింపవలెనని సంకల్పించిరి.

తేమగల గాలిని గాజుపాత్రలో బంధించి హఠాత్తుగా వ్యాకోచింపజేసినచో అది చల్లబడును. తేమ ధూళికణముల నాశ్రయించి బిందువులగును. ధూళిని తొలగించినచో మేఘ మేర్పడరాదు. అయినను వ్యాకోచ మొక హద్దు దాటినంతనే కొన్ని బిందువులు పడుచునే యుండెను. అవి దేని నాశ్రయించినవి? గాలిలోని విద్యుదావేశ కణములనే యని వీరు భావించిరి. 1896లో ఎక్స్ కిరణములను ప్రసరింపజేయగా పాత్ర దట్టమైన మంచుతో నిండెను. భావన బలపడెను.

అటుపిమ్మట పదునైదేండ్లు గడచెను. గాజును తామే యూది, తామే యరగదీసి పరికరములను సిద్ధపఱచుకొనిరి. 1911లో ఫలము చేతికందెను. రేడియము నుండి వెడలిన కణము పోయిన దారి పొడవునను నీటిబిందువులు తెల్లని గీతవలె నిలిచెను. కణము కనబడలేదు, దాని మార్గము ఛాయాచిత్రమున నిలిచెను. ఈ మేఘపేటికకు గాను 1927లో కాంప్టన్ పండితునితో పాటు వీరికి నోబెల్ బహుమతి లభించెను.

దీని సాయముననే బ్లాకెట్ పండితుడు సుమారు 23,000 ఛాయాచిత్రములు తీసి, నత్రజని ప్రాణవాయువుగా మాఱిన ఘట్టములను ఎనిమిదింటిని మాత్రము గుర్తించి 1925లో ప్రకటించెను. 1932లో ఆండర్సన్ పండితుడు పాజిట్రానును కనుగొనెను.

నేడు మేఘపేటికకు మాఱుగా విద్యుత్సాధనములు వచ్చినను మూలసూత్రము మాఱలేదు. సామాన్యమైన ఇనుప కేంద్రకమున 26 ప్రోటానులు, 30 న్యూట్రానులు ఉండును. న్యూట్రానులు 19 మాత్రమే గల ఇనుప కేంద్రకము సెకనులో వేయవవంతులు కొన్నింటికి మించి సగటున నిలువదు. అమెరికాలోని మిషిగన్‌లో అట్టి కేంద్రకమును వాయువుతో నిండిన పేటికలో నిలిపి, దానినుండి రెండు ప్రోటానులు ఒక్కసారిగా వెడలుటను చిత్రించి 2007లో ప్రకటించిరి. కణము వాయువులో విడిచిన జాడయే అచటను సాక్ష్యము.

విల్సన్ గారు 1956లో, ఎనుబదియేడేండ్ల వయస్సున, ఉరుము మేఘముల విద్యుత్తును గూర్చి వ్యాసము ప్రకటించి, 1959 నవంబరు 15న స్వదేశమున పరమపదించిరి. మేఘమును బ్రేమించి బయలుదేరినవారికి అణువు దారి చూపెను. తండ్రి లేని ఆ బాలుని చదువు నడుమ నాగిపోయినచో ఈ ఫలము వారి చేతికి దక్కకుండెడిది. మన గ్రామమున చదువ గోరిన బిడ్డకు గ్రంథమును చేతికందించుటయే ఈ గ్రంథాలయమునకు పరమధర్మము.