కార్వర్ పండితుని కదిలే బడి

వేరుశనగ నుండి మూడువందల వస్తువులు సృష్టించిన శాస్త్రజ్ఞుడుగా జార్జి వాషింగ్టన్ కార్వర్ మన విద్యార్థులకు పరిచితుడు. ఆ కీర్తిలో కొంత అతిశయోక్తి లేకపోలేదు; వేరుశనగ వెన్న ఆయనకు పూర్వమే ఉన్నది. అతిశయోక్తి అక్కరలేని కార్యం ఆయన జీవితంలో మరొకటి ఉన్నది. చదువురాని రైతు పొలానికి వ్యవసాయశాస్త్రాన్ని మోసుకొనిపోగల మనుష్యులను తీర్చిదిద్దడమే అది.

అమెరికాలోని మిసోరీ రాష్ట్రంలో, డైమండ్ అనే పల్లె సమీపాన, 1864 ప్రాంతంలో ఆయన బానిసగా జన్మించినాడు. పసికందుగా ఉండగానే దొంగలు తల్లినీ బిడ్డనూ ఎత్తుకొనిపోయినారు. బిడ్డ తిరిగి దొరికినాడు, తల్లి దొరకలేదు. యజమానియైన మోజెస్ కార్వర్ దంపతులే అతనిని పెంచినారు. కాన్సస్‌లో ఒక కళాశాలవారు ప్రవేశం ఇచ్చి కూడ, నల్లవాడని తెలియగానే వాకిటినుండి త్రిప్పి పంపినారు. పిమ్మట చిత్రలేఖనం అభ్యసింపగోరి సింప్సన్ కళాశాలలో చేరి, అక్కడి ఉపాధ్యాయిని ప్రోత్సాహంతో వృక్షశాస్త్రం వైపు మరలినాడు. అయోవా వ్యవసాయ కళాశాలలో 1896లో ఎం. యస్. పట్టం పుచ్చుకొని, ఆ సంవత్సరమే బుకర్ టి. వాషింగ్టన్ పిలుపు మీద ఆలబామాలోని టస్కీగీ విద్యాలయానికి వెళ్లినాడు.

ఏటేటా పత్తియే వేసి వేసి అక్కడి నేల సారం కోల్పోయి ఉన్నది. రైతులలో పెక్కుమంది బానిసత్వం నుండి బయటపడిన కుటుంబాలవారు. పంట ఇంటికి రాకముందే అప్పుల పద్దులో జమ అయ్యేది. 1897లో రాష్ట్రప్రభుత్వం టస్కీగీలో ఒక ప్రయోగక్షేత్రం నెలకొల్పి, ఏటికి 1,500 డాలర్లు మాత్రం మంజూరు చేసినది. ఆ కొద్దిపాటి సొమ్ముతోనే కార్వర్ అలసందలు, వేరుశనగ వేసి భూమికి బలం చేకూర్చే విధం చూపినాడు. ఎరువు కొనలేనివానికి రాలిన ఆకులూ, చిత్తడినేలల ఒండ్రూ ఉన్నవి గదా! ఈ విషయాలన్నీ తేలికమాటలలో వ్రాసి, 1898 నుండి చిన్నపుస్తకాలుగా అచ్చువేయించినాడు.

అయితే ఆ పుస్తకాలు చదివే రైతులెందరు? నెలనెలా జరిగే రైతుసభలకు వచ్చేవారు చుట్టుప్రక్కలవారే. సెలవుదినాలలో తానే బండి కట్టుకొని పల్లెలకు పోయినాడు. ఒక్క మనిషి ఎన్ని ఊళ్లు తిరుగగలడు?

1906లో న్యూయార్కు ధనికుడు మారిస్ జెసప్ ఇచ్చిన విరాళంతో ఒక బండి తయారైనది. అందులో ఏయే సామగ్రి ఉండవలెనో కార్వర్ నిర్ణయించినాడు. నాగలి, గుంటక, విత్తనాలు, మీగడ తీసే యంత్రం, వెన్న చిలికే పాత్ర ఎక్కించుకొని కంచరగాడిదలు లాగే ఆ బడి ఊరూరా తిరిగినది. తొలి వేసవిలో నెలకు సుమారు 2,000 మంది దానిని చూచినారు. చూచినవారందరూ నేర్చుకొన్నారని కాదు. బండి ఎంత గొప్పదైనా పలుకదు. దానితో వెళ్లినవాడు రైతు చేతికే నాగలి ఇచ్చి, రైతు పొలంలోనే పని చేయించవలెను. రైతును నొప్పింపక మాట్లాడనూ వలెను. ఈ రెండు విద్యలూ పరీక్షాపత్రాలతో అబ్బేవి కావు.

అటువంటి మనిషి టస్కీగీలోనే దొరికినాడు. జార్జియాలో పేదయింట పుట్టి, చదువుకొరకు ఇల్లు విడిచి 1899లో అక్కడికి చేరిన థామస్ క్యాంబెల్ కార్వర్ వద్ద వ్యవసాయం నేర్చినాడు. దక్షిణ రాష్ట్రాలలో రైతుల పొలాలలోనే ప్రదర్శనసేద్యం సాగిస్తున్న సీమన్ న్యాప్, 1906 నవంబరులో క్యాంబెల్‌ను ప్రభుత్వ ప్రదర్శకుడుగా నియమించినాడు. నల్లజాతివారిలో అట్టి ఉద్యోగం పొందిన తొలివాడు అతడే. ఒకప్పటి మన గ్రామసేవకుని వంటి పదవి అనుకొనవచ్చును. 1914లో స్మిత్-లీవర్ చట్టం వచ్చి ఈ పద్ధతికి దేశమంతటా శాశ్వతత్వం కల్పించినది.

కార్వర్ లెక్కలలోనూ అజమాయిషీలోనూ నేర్పరి కాడు. కోళ్లశాల నిర్వహణ విషయమై వాషింగ్టన్‌తో ఆయనకు తగవులు వచ్చినవి. చెట్టునో ఆకునో చేతపట్టుకొని శిష్యులకు బోధించేటప్పుడు మాత్రం ఆయనకు సాటి లేదు. తుదివరకు బ్రహ్మచారిగానే ఉండినాడు. 1943 జనవరి 5న మరణించగా, వాషింగ్టన్ సమాధి ప్రక్కనే ఆయనను పూడ్చినారు. అప్పటికి బండి పోయి మోటారు లారీ వచ్చినది. అందులో వ్యవసాయ ప్రదర్శకునితోపాటు గృహవిద్య నేర్పే స్త్రీ, నర్సు కూడ పల్లెలకు వెళ్లినారు. క్యాంబెల్ మరి పదేండ్లు, 1953 వరకు ఆ కొలువులోనే ఉండినాడు.