గుస్తావ్ త్రూవే

ఫ్రాన్సు దేశమున తూరేను ప్రాంతమునందు క్రూజు అను నది యొడ్డున ఒక చిన్న పట్టణము కలదు. ప్రసిద్ధ తత్త్వవేత్తయైన దెకార్తు జన్మించిన చోటగుటచే దానికి లాహే దెకార్తు అను పేరు వచ్చెను. 1967వ సంవత్సరము నుండి దానిని దెకార్తు అనియే వ్యవహరించుచున్నారు. ఆ పట్టణముననే 1839వ సంవత్సరము జనవరి 2వ తేదీన గుస్తావ్ త్రూవే జన్మించెను. తండ్రి పశువుల వర్తకుడు, కలిగినవాడు. కుమారునకు బాల్యమునుండియు యంత్రములమీదనే మక్కువ. షినో పట్టణమున కొంతకాలము చదివి, పిదప ఆంజే పట్టణమునందలి శిల్పవిద్యాలయమున చేరెను గాని, అనారోగ్యముచే ఆ చదువు నడుమనే ఆగిపోయెను. 1859వ సంవత్సరమున అతడు పారిసు నగరము చేరి గడియారముల పనిలో ప్రవేశించెను.

గడియారపు పనివాని కన్ను సూక్ష్మమునకు అలవాటుపడినది. తక్కినవారు విద్యుత్తును పెద్ద పెద్ద జాడీలలోను, బల్లనిండ పరచిన పరికరములలోను చూచుచుండగా, త్రూవే దానిని జేబులో పట్టునట్లు చేయుటెట్లని ఆలోచించెను. బొగ్గు, తుత్తునాగము అమర్చిన చిన్న గొట్టమున సగము వరకు ద్రవము పోసి, గాలి చొరకుండ మూసివేసెను. గొట్టము నిలువుగా నున్నంతసేపు ద్రవము లోహమునకు తగులదు. తలక్రిందులు చేసినచో తగిలి విద్యుత్తు పుట్టును. పని లేనపుడు తుత్తునాగము వ్యర్థముగా కరిగిపోదు. ఈ చిన్న ఘటము సహాయముతో అతడు చేసిన మెడపట్టీ సూదులు పారిసునందలి ధనికులను అబ్బురపరచెను. ఒక సూదిమీది కుందేలు డోలు వాయించును. మరియొకదానిమీది పుఱ్ఱె పండ్లు కొఱుకును. పండితులు వీనిని ఆటబొమ్మలని చప్పరించి యుండవచ్చును. కాని యంత్రమును తగ్గించి, బరువును తగ్గించి, పనిని మాత్రము తగ్గింపకుండుట యెట్లో అతడు ఈ బొమ్మలవలననే నేర్చెను.

ఆ నేర్పు బొమ్మలతో ఆగలేదు. గాయములో చిక్కిన తుపాకిగుండును కనుగొనుటకై అతడొక శలాకను నిర్మించెను. దాని కొనయందలి రెండు సూదులు ఎముకకు తగిలినపుడు ఏమియు జరుగదు. సీసపు గుండునకు తగిలినచో విద్యుత్తు ప్రవహించి సూచన నిచ్చును. దేహమునందలి చీకటి భాగములను వెలిగించి చూచు పరికరమును, వైద్యులు నుదుట ధరించు దీపమును గూడ అతడు చేసెను. ఈ నుదుటిదీపము 1883వ సంవత్సరమున రువా నగరపు వైద్యుడైన హెలో అనువాని సహకారముతో రూపొందినది.

ఇక పడవ సంగతి. ఆ కాలమున చిన్న పడవ నడచుటకు మూడు దారులే యుండెను. తెరచాప యెత్తవచ్చును, గాలి పడిపోయినచో పడవ నడినీట నిలిచిపోవును. తెడ్లు వేయవచ్చును, చేతులు అలసిపోవును. ఆవిరియంత్రము పెట్టవచ్చును; బాయిలరు, బొగ్గు, నీరు, పొగ కలిసి చిన్న పడవలో మనుష్యులకు చోటే మిగుల్చవు. విద్యుత్తుతో పడవను నడపవలెనన్న ఆలోచన అప్పటికి క్రొత్తది కాదు. 1838వ సంవత్సరమున యాకోబీ అను శాస్త్రజ్ఞుడు సెయింట్ పీటర్సుబర్గు నగరమున నీవానదిపై పదిమందికి పైగా కూర్చున్న పడవను విద్యుత్తుతో నడపెను. కాని దానికి 320 ఘటములు కావలసివచ్చెను. వేగమో, మనిషి నడక కన్న తక్కువ. ఆ ప్రయత్నము అంతటితో ఆగిపోయెను. మోటారు తేలికగాను, చుఱుకుగాను లేనంతవరకు పడవ తన బాటరీలను తానే మోసికొని తిరుగుటకు తప్ప దేనికిని పనికిరాదు.

త్రూవే 1880వ సంవత్సరమున సీమెన్సు మోటారును తీసికొని పరిశీలించెను. దానియందు తిరుగుభాగము ఒక్కొక్క చుట్టులో రెండుసారులు శక్తిలేని స్థానమునకు వచ్చుచుండెను. సరిగా అక్కడ ఆగినచో, చేతితో త్రోసినగాని మరల కదలదు. త్రూవే తిరుగుభాగపు అంచులను గుండ్రముగా గాక, నత్తగుల్లవలె క్రమముగా వెడల్పగునట్లు మలచెను. అందుచే అయస్కాంతపు ఆకర్షణ ఎచ్చటను తెగక, ఒకచోటునుండి మరియొకచోటునకు జారుచు సాగెను. ఇంత స్వల్పమైన మార్పుతో 5 కిలోగ్రాముల బరువుగల మోటారు అశ్వశక్తిలో ఇంచుమించు పదవవంతు పని చేయగలిగెను. నేటి బాలురకు ఇది మిక్కిలి తక్కువగా తోచును. ఆనాటికి అది ఘనకార్యమే.

1881వ సంవత్సరము ఏప్రిల్ మాసమున అతడు ఈ మోటారును ఒక మూడుచక్రముల బండికి అమర్చి పారిసు వీధిలో నడపెను. బండి, మనిషి, ఘటములు కలిసి 160 కిలోగ్రాములు. వేగము గంటకు 12 కిలోమీటర్లు. కాని ఆ బండికి పేటెంటు హక్కు పొందుట అతనికి సాధ్యము కాలేదు. మరియొకడైనచో నిరాశతో కూలబడి యుండును. త్రూవే తన మోటారును నీటి వైపు మరల్చెను.

అతని పనిశాల సేను నదికి దగ్గఱనే యుండెను. ప్రతిదినము యంత్రమును నదికి తీసికొనిపోయి, ప్రయోగము కాగానే తిరిగి తెచ్చుకొనవలెను. అందుచే అతడు మోటారును పడవ అడుగున బిగింపలేదు. చుక్కాని పైభాగమున మోటారును నిలిపెను. చుక్కానియందే క్రిందిభాగమున, నీటిని వెనుకకు నెట్టు రెక్కల చక్రమును, అనగా ప్రొపెల్లరును, అమర్చెను. పైనుండి క్రిందికి ఒక గొలుసు శక్తిని చేరవేయును. చుక్కాని తిరిగినచో ప్రొపెల్లరు గూడ తిరుగుటచే పడవ సులువుగా మలుపు తీసికొనును. మొత్తము పరికరమును ఊడదీసి చేత పట్టుకొని పోవచ్చును. పడవకు రంధ్రము పెట్టనక్కఱ లేదు, దాని ఆకృతిని మార్చనక్కఱ లేదు. ఉన్న పడవను ఉన్నట్లే విద్యున్నౌకగా చేయు ఉపాయము ఇది. పడవ వెనుక తగిలించు మోటారులన్నిటికిని ఇదియే మొదటిదని చరిత్రకారులు చెప్పుదురు. సౌకర్యమునకై, కేవలము మోత తప్పించుకొనుటకై చేసిన ఏర్పాటే కడకు ముఖ్యమైన కల్పన యగుట విచిత్రము.

మే 26వ తేదీన పారిసు నడిబొడ్డునగల పోంరోయాలు వంతెన వద్ద ఐదున్నర మీటర్ల పడవలో ముగ్గురు కూర్చుండిరి. పడవ పేరు టెలిఫోను. పన్నెండు ఘటములు, మూడు రెక్కల ప్రొపెల్లరు. తెడ్డు లేదు, చాప లేదు, పొగ లేదు, పడవ కదలెను. ప్రవాహము వెంట సెకనుకు రెండున్నర మీటర్లు పోయెను. ఎదురు ప్రవాహమున వేగము తగ్గెను గాని, పడవ వెనుకకు కొట్టుకొనిపోలేదు.

అయినను నదిపై కొంత వేగము నీటిదే. మోటారు సత్తువ తెలియవలెనన్న నిశ్చలజలము కావలెను. అందుచే జూన్ 26వ తేదీన త్రూవే బులోను వనమునందలి సరస్సుపై మరల ప్రయోగము చేసెను. ఈసారి నాలుగు రెక్కల ప్రొపెల్లరును, మఱింత ఘాటైన ఆమ్లములు పోసిన ఘటములను వాడెను. మొదట 150 మీటర్ల దూరము 48 సెకనులలో గడచెను. మూడు గంటలు నడచిన పిమ్మట అదే దూరమునకు 55 సెకనులు పట్టెను. ఐదు గంటల తరువాత 65 సెకనులు పట్టెను. ఆమ్లము బలహీనపడిన కొలది పడవ మందగించుచుండెను. మొదటి అంకెను మాత్రమే ప్రకటించి ఊరకుండుట సులభము. త్రూవే మూడు అంకెలను ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తునకు నివేదించెను. అతని నిజాయితీ ఇచ్చట తెల్లమగుచున్నది.

ఆ సంవత్సరమే పారిసులో అంతర్జాతీయ విద్యుత్ప్రదర్శనము జరిగెను. త్రూవే పడవను జనులు అచ్చట వింతగా చూచిరి. తిసాండియే సోదరులు ప్రదర్శించిన చిన్న విమాననౌకను నడపినది గూడ అతని మోటారే. ఇంత జరిగినను విద్యున్నౌకలు నదుల నిండ వ్యాపింపలేదు. ఆ ఘటములలో ఇంధనము తుత్తునాగము. బొగ్గు కన్న అది ఎంతో ఖరీదైనది. కరిగిపోయినపిదప మరల క్రొత్తది వేయవలెను. తరువాతి కాలమున పెట్రోలు మోటారు వచ్చి పడవల వెనుక స్థానమును ఆక్రమించెను. చిరకాలమునకు, మరల మరల శక్తి నింపుకొనగల తేలిక బాటరీలు వచ్చిన తరువాత, చిన్న తెరచాప పడవలవారు గాలి లేనివేళ సాయమునకై విద్యున్మోటారును వెనుక తగిలించుకొనుచున్నారు. దాని అమరిక త్రూవే అమరికకు దూరమైనది కాదు.

అతడు వివాహము చేసికొనలేదు. ధనము కూడబెట్టుటకన్న క్రొత్త పని చేపట్టుటయే అతనికి ప్రియము. తుపాకిమందు పేలుడుతో రెక్కలాడించు పక్షిబొమ్మను ఎగురవేసెను. రంగుల కాంతితో వెలుగు జలయంత్రములను నిర్మించెను. ఫ్రెంచి ప్రభుత్వము అతనికి లీజియన్ ఆఫ్ ఆనర్ బిరుదము నొసగెను. 1902వ సంవత్సరమున, కాంతితో రోగములను మాన్పు పరికరముపై పనిచేయుచుండగా అతని బొటనవ్రేలు, చూపుడువ్రేలు తెగెను. పనిలో మునిగి గాయమును లెక్కచేయలేదు. అది విషమించెను. జూలై 27వ తేదీన పారిసునందలి సెయింట్ లూయీ ఆసుపత్రిలో అతడు మరణించెను.

అతనిని స్వస్థలమున సమాధి చేసిరి. కొంతకాలమునకు ఆ స్థలపు గడువును పొడిగించువారు లేకపోవుటచే ఎముకలను తీసి ఉమ్మడి గోతిలో చేర్చిరి. పట్టణ కార్యాలయమున భద్రపఱచిన అతని కాగితములు 1980వ సంవత్సరమున అగ్నిప్రమాదములో కాలిపోయినవి. 2012వ సంవత్సరమున అతడు జన్మించిన యింటిపై ఒక ఫలకమును అమర్చిరి.