మార్లవాయికి బడి తెచ్చిన హైమన్‌డార్ఫ్

అడిక్‌మెట్ నేల మీద వెలసిన ఉస్మానియా యూనివర్సిటీకి ఇప్పుడు ఉట్నూరు, జైనూరు, తిర్యాణి గూడేల నుంచి మన పిల్లలు వస్తున్నారు. హాస్టళ్లలో ఉండి పీజీలు చేస్తున్నారు, తార్నాకలో గదులు తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నారు. వీళ్లలో చాలామందికి హైమన్‌డార్ఫ్ పేరు తెలుసు, మార్లవాయిలో సమాధి ఉందని తెలుసు. ఆయన ఈ క్యాంపస్‌లోనే ఆంత్రోపాలజీ ప్రొఫెసర్‌గా పనిచేశారన్న సంగతి మాత్రం అంతమందికి తెలియదు. మన ప్రత్యేక సంచికలో ఆయన గురించి నాలుగు మాటలు రాయాలనుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది తర్వాత చెబుతాను.

క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టారు. అక్కడే చదువుకుని, లండన్‌లో మలినోవ్‌స్కీ దగ్గర పాఠాలు విని, 1936లో నాగా కొండలకు వచ్చి కోన్యక్ నాగాల మధ్య ఉన్నారు. 1938లో బెట్టి ఎలిజబెత్‌ను పెళ్లి చేసుకున్నారు. మరుసటి ఏడు మళ్లీ ఇండియా వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండడంతో బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ని శత్రుదేశీయుడిగా లెక్కగట్టింది. నిజాం రాజ్యం దాటి పోకూడదన్న షరతు మీద వదిలిపెట్టింది. ఆ కట్టడి మనకు కలిసొచ్చింది. దంపతులిద్దరూ ముందు అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల దగ్గరికి, తర్వాత గోదావరి ఒడ్డున కొండరెడ్ల దగ్గరికి, అక్కడి నుంచి ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వెళ్లారు.

అది కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగిన కాలం. 1940లో కాల్పులు జరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకుని రమ్మని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. భీంను చంపిన ప్రభుత్వం పంపితే వచ్చిన మనిషి అని మనవాళ్లలో కొందరు ఇప్పటికీ అంటారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆయన రాసిచ్చిన నివేదికలు సర్కారుకు ఇంపైనవి కావు. రిజర్వు ఫారెస్టు పేరుతో గూడేలు ఎత్తివేయించడం, తరతరాలుగా దున్నిన భూములు వలస వచ్చిన షావుకార్ల పేరిట పట్టాలు కావడం, ఫారెస్టు సిబ్బంది మామూళ్లు, అన్నీ అందులో రాశారు.

మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నప్పుడు ఆయనకు ఒక సంగతి అర్థమైంది. భూమి పోయిన ప్రతి కథలోనూ ఒక కాగితం ఉంది. ఆ కాగితం చదవగలిగిన గోండు లేడు. పట్వారీ ఏం రాశాడో, షావుకారు లెక్కలో ఎంత వేశాడో తెలియకుండానే వేలిముద్ర పడేది. అప్పట్లో జిల్లా మొత్తంలో అక్షరం వచ్చిన గోండులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండు విద్యా పథకమని దాన్నే అంటారు. ముందుగా బడి భవనాలు కట్టలేదు, బయటి నుంచి పంతుళ్లను తేలేదు. కొద్దోగొప్పో అక్షరం తెలిసిన గోండు యువకులను పోగుచేసి, వాళ్లకే చదువు చెప్పి, వాళ్లనే పంతుళ్లుగా గూడేలకు పంపారు. పాఠాలు గోండీలోనే. ఆ ప్రాంతంలో మరాఠీ వాడుక ఉంది కనుక వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. అంతకుముందు గోండీ బడి పుస్తకమన్నదే ఇక్కడ లేదు. ఈ పని ముందుకు సాగడంలో అధికారి సేతు మాధవరావు పాత్ర పెద్దది. ఆ బడుల్లో చదివినవారిలో కొందరు పంతుళ్లు, కొందరు పట్వారీలు, ఫారెస్టు గార్డులు అయ్యారు. ఎవరి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారో ఆ కుర్చీలోనే తమ పిల్లలు కూర్చున్నారు.

ఖర్చంతా సర్కారు ఖజానాదే. ఇదే నేను చెప్పదలచిన రెండో కారణం.

ఈమధ్య వోచర్ల మాట తరచుగా వినబడుతోంది. ప్రభుత్వం బడి నడపడం మాని, పిల్లవాడి పేరిట ఒక చీటీ ఇస్తే, తల్లిదండ్రులు నచ్చిన ప్రైవేటు బడికి ఆ చీటీ పట్టుకుని వెళ్తారన్నది ఆలోచన. 1955లో అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ దీన్ని ముందుకు తెచ్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ 2008 నుంచి ఐదు జిల్లాల్లో, 180 ఊళ్లలో లాటరీ తీసి వోచర్లిచ్చి పరీక్షించారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో వోచర్ పిల్లలకూ సర్కారు బడి పిల్లలకూ తేడా రాలేదు, హిందీలో మాత్రం వోచర్ పిల్లలు ముందున్నారు. ప్రైవేటు బడికి ఖర్చు తక్కువైందన్నదీ నిజమే. టీచరుకు చాలా తక్కువ జీతమిస్తే ఖర్చు తగ్గకేం చేస్తుంది? మన ఎస్సీ, ఎస్టీ పిల్లలకు బెస్ట్ అవైలబుల్ స్కూల్ పథకం ఉంది. అదీ ఈ దారిలోనిదే. ఫీజు బకాయిలు పడ్డప్పుడు పిల్లల గతి ఏమైందో తల్లిదండ్రుల ధర్నాల వార్తల్లో మనమంతా చూశాం.

మంచి ప్రైవేటు బడికి పిల్లను పంపుకున్న తల్లిని తప్పుపట్టను. నేనడిగేది ఒక్కటే. 1943లో మార్లవాయిలో ప్రతి ఇంటికీ ఒక చీటీ ఇచ్చి ఉంటే, దాన్ని పట్టుకుని ఎక్కడికి వెళ్లేవాళ్లు? ముప్పై గడపల గూడెంలో లాభం చూసుకుని బడి పెట్టే ఆసామి ఎవడు? గోండీ వాచకం అచ్చువేయించేదెవరు?

1945లో హైమన్‌డార్ఫ్ నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా, ఉస్మానియాలో ప్రొఫెసర్‌గా నియమితులయ్యారు. ఉర్దూలో పై చదువులు చెప్పడానికి ప్రభుత్వం పెట్టిన యూనివర్సిటీ ఇది. పట్నంలో ఉర్దూకు చేసిన ఖర్చే అడవిలో గోండీకి చేయమన్నట్టు ఉంది ఆయన పని. 1948లో బెట్టి సహకారంతో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద పుస్తకం వెలువరించారు. తర్వాత లండన్‌లో ప్రొఫెసర్ అయ్యారు, నేపాల్ షెర్పాల మీద ఏళ్లపాటు పనిచేశారు.

రిటైరయ్యాక దంపతులు మళ్లీ ఆదిలాబాద్ వచ్చారు. చూసింది సంతోషించేది కాదు. తమ కాలంలో పట్టాలిచ్చిన భూములు చాలాచోట్ల చేతులు మారాయి. గోండీ వాచకాలు మూలన పడ్డాయి, గోండీ రాని పంతుళ్లు వచ్చారు. 1982లో అచ్చయిన భారత గిరిజనుల పుస్తకంలో ఆయన ఈ బాధంతా దాచకుండా రాశారు.

ఆ బాధ మనకింకా తీరలేదు. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. తీర్పు వచ్చాక మన సంఘాలు ఎక్కని మెట్టు లేదు. గోండు పంతులు గోండు పిల్లకు పాఠం చెప్పాలన్న మాట మార్లవాయిలో 80 ఏళ్ల కింద మొదలైంది. దాన్ని ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసి వస్తోంది.

బెట్టి 1987 జనవరి 11న హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో పోయారు. 2012లో కొడుకు ఆయన అస్థికలను తెచ్చి తల్లి పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న చుట్టుపక్కల గూడేల నుంచి జనం వచ్చి, తమ పెద్దలకు పెట్టుకున్నట్టే పూజ పెడతారు. తార్నాక నుంచి వెళ్లే మన విద్యార్థులకు సుమారు 300 కిలోమీటర్ల దారి. మార్లవాయిలో సర్కారు ఆశ్రమ పాఠశాల ఉంది. ఈసారి సమాధికి దండం పెట్టుకున్నాక ఆ బడిలోకీ వెళ్లి రండి. టీచర్లు ఎంతమంది ఉన్నారో, వాళ్లలో గోండీ వచ్చినవాళ్లు ఎంతమందో అడిగి రాసుకురండి.